నెలవంకకు ఇద్దరు సాక్షులు

రంజాన్ నెల ఇరవై తొమ్మిదో ఉపవాసం. పొద్దున ఏడు కాకముందే కోడలు కిటికీ పక్కన స్టూలు వేసుకుని సూదుల్లోకి దారం ఎక్కిస్తోంది. తెల్లవి ఎనిమిది, నల్లవి ఎనిమిది, మిగతా రంగులవి మరో ఎనిమిది. ఎక్కించిన సూదుల్ని వరసగా మెత్తకు గుచ్చి మామగారి కుట్టుమిషను కుడిపక్కన పెట్టాలి. పైవరస ఎప్పుడూ తెల్లదారానిది. వరస మారితే ఆయనకు కోపం రాదు, కంగారు వస్తుంది. ఆ కంగారు చూడటం కంటే నాలుగు తిట్లు తినడమే నయమనిపిస్తుంది ఆమెకు.

మామగారు దర్జీ. పండగ ముందు రోజులు కాబట్టి ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. కాజాలు తీయాల్సిన చొక్కాలు ఒక కుప్ప, గుండీలు కుట్టాల్సినవి ఒక కుప్ప. రేపే పండగైతే మా పిల్లాడి బట్టల సంగతేంటని ఒకరు, ఎల్లుండైతే ఇంకాస్త వదులు చేసి కుట్టమని ఒకరు, నిన్నంతా గుమ్మం దగ్గర పోరు పెడుతూనే ఉన్నారు. పండగ రేపో ఎల్లుండో చెప్పాల్సింది కూడా ఆయనే కాబట్టి ఎవరికీ గట్టిగా జవాబు చెప్పలేక నవ్వి ఊరుకున్నాడు.

చాంద్రమాసం ఇరవై తొమ్మిది రోజులకు ముగియవచ్చు, ముప్పైకి ముగియవచ్చు. ఇరవై తొమ్మిదో సాయంత్రం పడమట నెలవంక కనిపిస్తే మర్నాటి నుంచి కొత్త నెల. కనిపించకపోతే ఇంకో రోజు ఆగాలి. వినడానికి చిన్న సంగతే కానీ, పొద్దుగూకిన వెలుగులో ఆ వెంట్రుకంత గీతను పట్టుకోవడం అందరి వల్లా కాదు. మొహర్రం మొదలుకుని బక్రీద్ దాకా ఆ పేటలో నెలలన్నీ ముప్పై ఏళ్ళుగా ఈ దర్జీ కళ్ళతోనే మొదలవుతూ వచ్చాయి. అందుకే వీధిలో ఆయన్ని నెలవంక మాస్టర్ అంటారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా ఉత్త మాస్టర్ అంటే బట్టలు రెండు రోజులు ఆలస్యమయ్యేవని అత్తగారు వేళాకోళం చేస్తుంది.

ఆ పొద్దున కమిటీ పెద్ద వచ్చాడు. మసీదు పనులు చూసే మనిషి, నోరు మంచిదే గానీ ఏ మాటా మెల్లగా చెప్పలేడు. గుమ్మంలో నిలబడే చెప్పేశాడు. పోయినేడు పండగ గురించి ఊళ్ళో చాలా గొడవ జరిగిందట. మిగతా పేటలన్నీ ముప్పై ఉపవాసాలుంటే, మన పేట ఒక్కటే ఇరవై తొమ్మిదితో పండగ చేసుకుందట. ఆ గొడవ వల్లే ఈ రంజాన్ మొదలు కూడా పెద్ద మసీదు లెక్క ప్రకారమే పెట్టుకున్నారు. అందుకని ఈసారి పెద్ద మసీదు నుంచి ఇద్దరు మౌలానాలు స్వయంగా వస్తున్నారు. ఈ మేడ మీదే కూర్చుంటారు. సాక్షుల్ని విడివిడిగా పిలిచి, దేవుడి మీద ప్రమాణం చేయించి, ఏ వైపున చూశారు, ఎంత ఎత్తున ఉంది, కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయి, అన్నీ అడుగుతారు.

మాస్టర్ ముఖం వెలిగిపోయింది. రానివ్వమన్నాడు. ఎప్పటిలాగే తను, తన కొడుకు సిద్ధంగా ఉంటామన్నాడు. పండగ నెలవంకకు ఇద్దరు సాక్షులు కావాలి. పోయినేడు ఆ ఇద్దరూ ఈ తండ్రీకొడుకులే.

కొడుకు అప్పుడే పనికి బయల్దేరుతున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ అతను. చేతిలోని సామాన్ల సంచి జారి గచ్చు మీద ధన్‌మని పడింది. వంగి ఏరుకుంటూ అతను తండ్రి వైపు తలెత్తకపోవడం కోడలు చూసింది. ఉపవాసం నీరసమనుకుందామంటే ఇంకా ఎండైనా రాలేదు. నెల మొదలైన దగ్గర్నుంచీ భర్త ఇలాగే ఉన్నాడు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. నమాజులో అందరూ లేచాక కూడా తల నేలకు ఆనించే ఉంటున్నాడని, ఎంత భక్తో అని అత్తగారు మురిసిపోతోంది. కోడలికి మాత్రం అది భక్తిలా కనిపించలేదు. మిగిలిన సూదులు గబగబా గుచ్చేసి లేచింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళను లోపలి చీకటి గదిలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చుతూ, ఎదుటి బోర్డు మీద అక్షరాలు చదివించి చూపు కొలవడం ఆమె పని. ఆ పనే ఏడాదిగా ఆమె మెడకు చుట్టుకుంది. పోయినేడు పండగ వెళ్ళిన పది రోజులకు, షాపు సెలవు రోజున, మామగారిని చాటుగా ఆ గదిలో కూర్చోబెట్టింది. అరచేయంత ఉండే మొదటి అక్షరం ఆయన చదవలేకపోయాడు. ఆమె బోర్డు దగ్గరికి జరిపింది. ఇంకా జరిపింది. రెండు కళ్ళలోనూ పొర ముదిరి పాలరంగుకు తిరిగింది.

ఆరోజు ఆయన కోడలి చేతులు పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. కళ్ళు పోయిన దర్జీకి గుడ్డ ఎవరిస్తారన్నాడు. ఆపరేషన్ తప్పకుండా చేయించుకుంటానన్నాడు, పెళ్ళిళ్ళ రోజులు అయిపోనీ అన్నాడు. అప్పుడామె గుండె చిక్కబట్టుకుని అడిగింది, మరి మొన్నటి నెలవంక సంగతేంటని. ఆయన తడుముకోకుండా చెప్పాడు, తనకు ఏదో తెల్లగా కనిపించిందని, అబ్బాయైతే స్పష్టంగా చూశాడని. ఆ మాట పట్టుకునే ఆమె ఏడాదంతా నిద్రపోయింది. మంచి కళ్ళున్నవాడు ఒక్కడైనా చూశాడు కదా అనుకుంది. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయి, వెళ్ళాయి. ఆపరేషన్ మాట ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పొద్దున్నే ఇరవై నాలుగు సూదులు గుచ్చి పెట్టడం సులువనిపించింది.

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ భర్త వచ్చాడు. ఎప్పుడూ షాపు మెట్లెక్కని మనిషి. మాట్లాడాలన్నాడు. ఆమె చీకటి గదిలోకి తీసుకెళ్ళి తెర వేసింది. అతను రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని ఎదుటి అక్షరాల బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"సాయంత్రం నేను ఇంటికి రాను. దూరంగా ఏదో రిపేరు తగిలిందని నాన్నకు చెప్పు."

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎందుకో అతనే చెప్పాడు.

"పోయినేడు నేను చూడలేదు. ఆకాశం మొత్తం వెతికాను, నాకేమీ కనపడలేదు. నాన్న నా భుజం పట్టుకుని, అదిగో చూశావా అన్నారు. ఆయన చూపించాక లేదని ఎలా అంటాను? చూశాను నాన్నా అన్నాను. ఆయన చూశారు కదా, నాదేముంది, ఊరికే రెండో సాక్షి లెక్కకి అనుకున్నాను. ఈసారి విడిగా కూర్చోబెట్టి కొమ్ములు ఎటున్నాయని అడుగుతారట. దేవుడి మీద ప్రమాణం చేసి మళ్ళీ అబద్ధం చెప్పలేను."

అతను చెప్పింది ఆమెకు సగమే వినిపించింది. ఆయన చూశారు కదా అన్న ముక్క దగ్గరే ఆమె ఆగిపోయింది. తండ్రి కొడుకు కళ్ళను నమ్మాడు. కొడుకు తండ్రి కళ్ళను నమ్మాడు. తను ఇద్దర్నీ నమ్మి నోరు మూసుకుంది. ఆ సాయంత్రం ఆకాశంలో అసలు ఎవరూ ఏమీ చూడలేదు. ఆ మాట మీద నాలుగు వందల ఇళ్ళు ఉపవాసం మానేసి, కొత్త బట్టలు కట్టుకుని పండగ చేసుకున్నాయి.

ఆమె మామగారి కళ్ళ సంగతి చెప్పింది. ఒక్కో మాటా నోటి నుంచి తవ్వి తీయాల్సి వచ్చింది. ఏడాదిగా తెలిసీ తనకెందుకు చెప్పలేదని భర్త అడిగాడు. ఆమె బోర్డు లైటు ఆర్పింది. సగం రోజు సెలవు పెట్టి అతనితోపాటే ఇంటికి నడిచింది. పడమటి దిక్కున మబ్బులు పట్టి ఉన్నాయి. గాలి స్తంభించిపోయింది. వీధిలో పిల్లలు అప్పుడే మేడల మీద చోటు కోసం కొట్టుకుంటున్నారు. ఎదురైన ప్రతివాళ్ళూ భర్తను నవ్వుతూ పలకరించారు, ఈసారి కూడా ఇరవై తొమ్మిదికే తేల్చేయమన్నారు.

వంటింట్లోకి వెళ్ళి ముందు అత్తగారికి చెప్పారు. ఆమె గొంతు తగ్గించి ఇద్దర్నీ కడిగేసింది. అయిపోయిందాన్ని ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికి లాభమంది. ముప్పై ఏళ్ళ పేరు ఒక్క సాయంత్రంలో బురదపాలు చేస్తారా అంది. కొడుకు పనికి పోతాడు, మాస్టర్‌కు జ్వరమని చెబుదాం, మౌలానాలు చూసుకుని పోతారు, ఈ ముక్క ఈ గది దాటకూడదు, అంతే. పోయినేడు ఒక ఉపవాసం తగ్గితే తగ్గింది, ఎవరికి వాళ్ళు దేవుడి దగ్గర చెప్పుకుంటారు అంది.

"వాళ్ళకు తెలిస్తేగా అత్తయ్యా, చెప్పుకోవడానికి" అంది కోడలు. "తగ్గిందని తెలిస్తే ఇంకో రోజు ఉండి తీర్చుకుంటారు. మనం చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

అత్తగారు ఏదో అనబోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కోడలికి మొదట అర్థం కాలేదు. అత్తగారి చూపు పక్కింటి గోడ వైపు పోయింది. ఆ గోడ అవతల సైకిల్ షాపతని ఇల్లు. అతని తల్లి, ఎనభై ఏళ్ళ పెద్దావిడ, అత్తగారికి ముప్పై ఏళ్ళ స్నేహితురాలు. జ్వరమొచ్చినా ఉపవాసం వదలని మనిషి. పోయినేడు రంజాన్ తర్వాత నాలుగు నెలలకు పోయింది. పోయేముందు అత్తగారి చెయ్యి పట్టుకుని, జీవితంలో ఒక్క ఉపవాసం బాకీ లేకుండా వెళ్తున్నానని చెప్పింది.

"అది తీర్చుకోలేదురా" అంది అత్తగారు. గొంతు పూర్తిగా మారిపోయింది. "దానికి తెలియదు. తెలియకుండానే పోయింది." పీట మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే కోడలు గమనించింది, ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని.

మాస్టర్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఎంత విన్నాడో అడగాల్సిన పని లేదు, ముఖమే చెబుతోంది. ఆయన భార్య వైపు గానీ కోడలి వైపు గానీ తిరగలేదు. కొడుకు ఉన్నాడనుకున్న వైపుకు తిరిగాడు. కొడుకు అక్కడ లేడు, రెండడుగులు ఇవతల ఉన్నాడు. ఆ చూపు ఖాళీ గోడ మీద నిలవడం ముగ్గురూ చూశారు.

"చూడలేదా నువ్వు?"

కొడుకు తల దించుకున్నాడు. తల దించుకుంటే ఆయనకు కనపడదన్న ఆలోచన కాసేపటికి గానీ అతనికి రాలేదు. "లేదు నాన్నా" అన్నాడు.

మాస్టర్ గోడ తడుముకుంటూ వెనక్కి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో ఉన్న పిల్లాడి చొక్కా అంచు మడిచి, వేళ్ళతో కొలుచుకుని, కుట్టు మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నమాజు వేళ దాటింది, సాయంత్రం నమాజు పిలుపు వచ్చింది, లేచి చదువుకుని మళ్ళీ కూర్చున్నాడు. అత్తగారు రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి, పలకరించే ధైర్యం లేక తిరిగి వచ్చింది. ఆయన ఏం చేయబోతున్నాడో ఎవరికీ తెలియదు. మేడ మీదికి రానని అంటాడా, వచ్చి ఎప్పటిలా పడమటకు వేలు చూపిస్తాడా? ఆ పేరు పోతే ఆయన బతకడేమోనని కోడలికి భయం వేసింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ప్రమాణం చేసేస్తాడేమోనని అంతకంటే పెద్ద భయం వేసింది.

పొద్దు వాలే వేళకు ఆయన చివరి దారం తెంపి లేచాడు. "అందరూ పైకి రండి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, మెత్తదనం కూడా లేదు.

మేడ మీద అప్పటికే యాభై మంది ఉన్నారు. చుట్టుపక్కల మేడల మీద ఇంకా ఎక్కువ. ఇద్దరు మౌలానాలు చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన ఒళ్ళో తెల్ల కాగితాలు, పక్కన కలం. పడమట మబ్బు అడ్డంగా పరుచుకుంది. దాని కింద సన్నగా ఖాళీ, అందులో ఎర్రటి వెలుగు. మసీదు నుంచి పిలుపు వినపడగానే అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, అటు తిరిగారు.

ఇంతలో ఎవరో కుర్రాళ్ళు అదిగో అని అరిచారు. కాదు కాదు, విమానం అన్నారు ఇంకెవరో. నవ్వులు. కమిటీ పెద్ద అందర్నీ ఊరుకోమని, ఇవన్నీ ఎందుకు, మన మాస్టర్ ఉన్నాడు కదా అన్నాడు. మేడ మీద చప్పుడు ఆగిపోయింది. పెద్ద మౌలానా కలం తీసుకుని, ముందుకు రమ్మని మాస్టర్‌ను మర్యాదగా పిలిచాడు.

మాస్టర్ నాలుగడుగులు వేశాడు. నాలుగో అడుగుకు చాప అంచు కాలికి తగిలి తూలాడు. ఎవరో పట్టుకోబోతే వద్దన్నాడు.

"నాకు కళ్ళు కనపడవు" అన్నాడు. "పోయినేడు కూడా కనపడలేదు. తెల్లగా ఏదో మెరిస్తే, అది ఆకాశంలో ఉందో నా కంట్లో ఉందో తేల్చుకోకుండా సాక్ష్యం చెప్పాను. మీ అందరి చేతా ఒక రోజు ముందే ఉపవాసం మాన్పించాను. ఆ తప్పు నాది."

కొడుకు జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. నాన్నది కాదు, నాది అన్నాడు. తనకు కళ్ళున్నాయని, చూడకుండానే చూశానన్నానని చెప్పాడు. ఆడవాళ్ళ మధ్య నుంచి కోడలు కూడా ముందుకొచ్చి, మామయ్య కళ్ళ సంగతి ఏడాదిగా తెలిసీ దాచానంది.

అప్పుడు మొదలైంది గోల. ముప్పై ఏళ్ళుగా ఇలాగే చెప్పావా మాస్టర్ అని ఒకరు. మా చేత దొంగ పండగ చేయించారని ఒకరు. ఒకడైతే కుట్టినంత వరకు చాలు, బట్టలు ఇప్పుడే పట్టుకుపోతానని మెట్ల వైపు నడిచాడు. కమిటీ పెద్దకు ఆ రోజు మొదటిసారి నోట మాట రాలేదు. పెద్ద మౌలానా చెయ్యెత్తాడు. నమ్మి పండగ చేసుకున్నవాళ్ళ మీద పాపం లేదని, ఆ ఒక్క ఉపవాసం వీలు చూసుకుని ఉండి తీర్చుకుంటే సరిపోతుందని చెప్పాడు.

"మా అమ్మ సంగతేంటి?" అన్నాడు సైకిల్ షాపతను.

అతను అరవలేదు. ఆ మాటతో మిగతావాళ్ళ అరుపులన్నీ ఆగిపోయాయి. మాస్టర్ ముఖం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. తెలియక పోయినదానికి ఆమెను దేవుడు అడగడని మౌలానా మెల్లగా అన్నాడు. కావాలంటే ఆమె పేర ఒక పేదవాడికి రెండు పూటలా కడుపునిండా అన్నం పెట్టమన్నాడు. అత్తగారు వెనక నుంచి, ఆ అన్నం నేను వండుతానురా, నా చేత్తో వండుతాను అంటూ ఏడ్చేసింది. సైకిల్ షాపతను చాప అంచు కాలికి అడ్డం రాకుండా మడిచి, మాస్టర్‌ను కూర్చోమన్నాడు.

మాస్టర్ కూర్చోలేదు. చెయ్యి చాచి కొడుకు కోసం వెతికాడు. కొడుకు ఆ చెయ్యి అందుకున్నాడు.

"వెలుగు ఇంకా ఉందా?"

"కొంచెం ఉంది నాన్నా."

"అయితే చూడు. నువ్వేం చూస్తున్నావో అదే చెప్పు."

కొడుకు చూశాడు. మబ్బు కిందనున్న ఎరుపు నల్లబడే దాకా చూశాడు. యాభై మంది అతన్నే చూస్తున్నారు. చంద్రుడున్నాడని ఒక్క మాట అంటే ఈ మేడ మీద సగం మంది కోపం పోయేదే, తండ్రికి కాస్త పరువు మిగిలేదే.

"లేదు నాన్నా. ఏమీ కనపడలేదు."

మాస్టర్ కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని తడిమాడు.

"చిన్నప్పుడు నాకు ఎదురు చెప్పినప్పుడల్లా కొట్టాను నిన్ను" అన్నాడు. "లేదు అనే మాట నీ నోట రాకుండా నేనే పెంచాను. పెంచి, నీ మాట మీద నాలుగు వందల ఇళ్ళ ఉపవాసాన్ని పణంగా పెట్టాను. ఇన్నేళ్ళకు ఇవాళ అన్నావు. అందరి ముందూ అన్నావు."

తండ్రి కళ్ళు ఏమీ చూడలేకపోయినా నీళ్ళు మాత్రం ధారగా కారాయి. కొడుకు ఆయన భుజంలో తల దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కాడు. కోడలు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఏడాది తర్వాత మొదటిసారి ఆ ఇద్దరి ముఖాలూ సూటిగా చూడగలిగింది.

మౌలానా కాగితం మీద ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. కొద్దిసేపట్లో మసీదు మైకులో చెప్పారు, నెలవంక కనపడలేదని, రేపు ముప్పయ్యో ఉపవాసమని. జనం ఒక్కొక్కరే దిగిపోయారు. కొందరు మాస్టర్‌తో మాట్లాడకుండానే వెళ్ళారు. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని, రేపు తెల్లారకముందే తినే సహరీకి బియ్యం నానబెట్టాలంటూ మెట్లు దిగింది.